రూపే క్రెడిట్ కార్డు సమీక్ష: గడప లోపల గట్టిది, గడప దాటితే అరువుది

కొత్త క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెడితే రూపేనా, వీసానా, మాస్టర్‌కార్డా అని బ్యాంకు ఇప్పుడు మనల్ని అడిగి తీరాలి. 2024 మార్చి 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఆ ఏడాది సెప్టెంబరు 6 నుంచి అమల్లో ఉంది. పాత కార్డు ఉన్నవాళ్లు రెన్యువల్ సమయంలో నెట్‌వర్క్ మార్చుకోవచ్చు. వాడకంలో ఉన్న కార్డులు పది లక్షలకు మించని సంస్థలకు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాగా సొంత నెట్‌వర్క్ మీదే కార్డులిచ్చేవాళ్లకు మినహాయింపు ఉంది. చాలామంది రివార్డు పాయింట్లు, లాంజ్ సదుపాయం చూసి తేల్చుకుంటారు. ఆ పోలికలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మన డబ్బు కదలిక మీద చివరి మాట ఎవరిదన్న విషయాన్ని రూపే ఎంతవరకు మార్చింది, అందుకు వాడేవాళ్లు ఎక్కడ ఇబ్బంది పడాల్సి వస్తుంది అన్నవే ఇక్కడ చూస్తున్నాం.

దుకాణంలో మెషీన్‌కు కార్డు పెట్టగానే, దుకాణదారుడి బ్యాంకు నుంచి సందేశం నెట్‌వర్క్ స్విచ్‌కు వెళుతుంది. స్విచ్ కార్డు నంబరు మొదటి అంకెలను బట్టి కార్డిచ్చిన బ్యాంకును గుర్తించి అడుగుతుంది. ఆ బ్యాంకు సరే అంటే జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. తర్వాత ఏ బ్యాంకు ఏ బ్యాంకుకు ఎంత బాకీ అన్న లెక్క తేల్చేదీ నెట్‌వర్కే. కొన్నది విజయవాడ బీసెంట్ రోడ్డులో, రెండు బ్యాంకులూ మన దేశానివే. కానీ మధ్యలో కూర్చున్నది అమెరికా కంపెనీ అయితే, అక్కడి ప్రభుత్వం ఆ కంపెనీకి ఇచ్చే ఆదేశం బీసెంట్ రోడ్డు దాకా రాగలదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలుపుకున్న గొడవ తర్వాత, 2014 మార్చిలో, ఆంక్షలు పడిన కొన్ని రష్యా బ్యాంకులకు వీసా, మాస్టర్‌కార్డ్ సేవలు ఆపేశాయి. ఆ ఏడాదే రష్యా సొంత స్విచ్ సంస్థను పెట్టుకుంది. 2015 నుంచి దేశం లోపలి కార్డు లావాదేవీలు, వీసా ముద్ర ఉన్న కార్డులవి కూడా, దాని గుండానే నడిచాయి. ఆ డిసెంబరులో రష్యా సొంత కార్డు మీర్ వచ్చింది. 2022 మార్చిలో రెండు కంపెనీలూ రష్యా నుంచి తప్పుకున్నప్పుడు జనం చేతుల్లోని పాత కార్డులు దేశం లోపల పనిచేస్తూనే ఉన్నాయి. విదేశాల్లో, విదేశీ సైట్లలో మాత్రం ఆగిపోయాయి. ఫోన్లో యాపిల్ పే, గూగుల్ పే పెట్టుకుని తిరిగినవాళ్లకు ఆ సేవలూ పోయాయి. స్విచ్ దేశం చేతిలో ఉన్నా, ఫోనూ యాపూ దేశం చేతిలో లేవు. రూపేను తూచేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రూపేను, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్) 2008లో పుట్టిన లాభాపేక్ష లేని కంపెనీ, వాటాదారుల్లో ఎక్కువ బ్యాంకులే. కార్డు 2012లో వచ్చింది. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ ఖాతాలతో పల్లెలకు చేరింది. దీని విలువ తెలిసింది డేటా నిబంధన దగ్గర. చెల్లింపుల సమాచారమంతా మన దేశంలోనే నిల్వ ఉండాలని 2018 ఏప్రిల్ 6న రిజర్వ్ బ్యాంకు ఆరు నెలల గడువిచ్చింది. నిబంధన పాటించలేదని 2021 మే 1 నుంచి అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ క్లబ్‌లను, జూలై 22 నుంచి మాస్టర్‌కార్డ్‌ను కొత్త కస్టమర్లను చేర్చుకోకుండా ఆపింది. మాస్టర్‌కార్డ్ మీద ఆంక్ష 2022 జూన్ దాకా తొలగలేదు. ఇంట్లో ప్రత్యామ్నాయం లేని దేశం అంత పెద్ద కంపెనీతో అన్నాళ్లు బిగించి ఉండడం కష్టం. రూపే వాడకాన్ని దేశభక్తితో ముడిపెడుతున్నారని మాస్టర్‌కార్డ్ 2018లో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయానికి ఫిర్యాదు చేసుకుంది కూడా. కార్డు కంపెనీ వ్యాపారం ఎంత తేలిగ్గా రెండు ప్రభుత్వాల మధ్య పంచాయితీ అవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక వాడకం. రూపే క్రెడిట్ కార్డుకున్న అసలు బలం యూపీఐ. 2022 సెప్టెంబరు నుంచి ఈ కార్డును యూపీఐకి కలపొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డులకు ఆ వీలు లేదు. బ్యాంకులో నమోదైన మొబైల్ నంబరు సిమ్ ఫోన్‌లోనే ఉండాలి. యాప్‌లో క్రెడిట్ కార్డు చేర్చే చోటికి వెళ్లి బ్యాంకును ఎంచుకోవాలి. కార్డు దొరికాక చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ ఇచ్చి కొత్త యూపీఐ పిన్ పెట్టుకోవాలి. ఏటీఎం పిన్ వేరు, ఇది వేరు. కొత్త ఫోన్ మీద మొదటి 24 గంటలు పరిమితి తక్కువగా, సాధారణంగా రూ. 5,000, ఉంటుంది. కాబట్టి పెద్ద కొనుగోలు ఉందంటే ముందురోజే కలిపి పెట్టుకోండి.

ఎక్కువమందికి తగిలే ఇబ్బంది క్యూఆర్ దగ్గర. కిరాణా కొట్టులోనో కూరగాయల బండి మీదో అంటించిన క్యూఆర్ వ్యాపార ఖాతాది కాకుండా యజమాని సొంత ఖాతాది అయితే క్రెడిట్ కార్డుతో చెల్లింపు జరగదు. మనిషి నుంచి మనిషికి క్రెడిట్ కార్డు డబ్బు పంపనిస్తే అది అప్పు తీసి నగదు చేసుకోవడమే అవుతుంది, అందుకే ఆ దారి మూసేశారు. స్కాన్ చేశాక చెల్లింపు ఖాతాల జాబితాలో కార్డు మసకబారి కనిపిస్తే విషయం ఇదే. మళ్లీ మళ్లీ ప్రయత్నించి లాభం లేదు, బ్యాంకు ఖాతాను ఎంచుకుని కట్టేయండి. ఇంకోటి, చిన్న వ్యాపారులకు రూ. 2,000 వరకు క్రెడిట్ కార్డు యూపీఐ మీద ఛార్జీ లేదు. ఆ పైన ఉంటుంది. పెద్ద బిల్లుకు క్రెడిట్ వద్దు అని దుకాణదారుడు అన్నాడంటే ఆయన లెక్క ఆయనకుంది.

ఇక్కడే అసలు లోటు. స్విచ్ మనదే అయినా జనం తెరిచే యాపుల్లో ఫోన్‌పే వాల్‌మార్ట్ చేతిలో ఉంది, గూగుల్ పే గూగుల్‌ది. యూపీఐ లావాదేవీల్లో సుమారు ఐదింట నాలుగు వంతులు ఈ రెండింటి గుండానే జరుగుతున్నాయి. ఏ యాప్‌కూ 30 శాతం దాటకూడదని ఎన్‌పీసీఐ 2020 నవంబరులో పరిమితి పెట్టింది గానీ, గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2026 డిసెంబరు దాకా తెచ్చింది. ఇది నచ్చే విషయం కాదు. 2025 జూలైలో రష్యా మీద ఐరోపా సమాఖ్య పెట్టిన ఆంక్షల తర్వాత, రష్యా కంపెనీకి వాటా ఉన్న, గుజరాత్ వాడినార్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిపేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక కొద్ది రోజులకు పునరుద్ధరించింది. మన దేశంలో నడిచే కంపెనీకి, మన దేశం విధించని ఆంక్షతో, ఈమెయిల్ ఆగిపోయింది. చెల్లింపుల యాపులకు అలా జరగదని పూచీ ఎవరూ ఇవ్వలేరు.

వాడేవాళ్ల చేతిలో ఉన్న జాగ్రత్త చిన్నదే, ఖర్చు లేనిది. ఎన్‌పీసీఐ అనుబంధ సంస్థ నడిపే భీమ్ యాప్‌ను రెండో యాప్‌గా పెట్టుకుని అదే ఖాతాను కలపండి. బ్యాంకు ఖాతా యూపీఐ పిన్ ఏ యాప్‌లోనైనా ఒకటే, కొత్తది గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు *99# కూడా నేర్పించండి. ఇంటర్నెట్ లేకున్నా, మామూలు ఫోన్లోనూ బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపొచ్చు.

సొంత స్విచ్‌కు ఇంకో ముఖం ఉంది. అంతా ఒకే చోట నడిస్తే అది ఆగినప్పుడు అంతా ఆగుతుంది. 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించినప్పుడు దేశమంతటా చెల్లింపులు తడబడ్డాయి. జేబులో కార్డు, కొంచెం నగదు ఉంచుకోవడం అందుకే.

విదేశాలకు వచ్చేసరికి రూపే బలహీనం. మామూలు దేశీయ రూపే కార్డు బయట పనిచేయదు. గ్లోబల్ రకం కావాలి. కార్డు మీద డిస్కవర్, డైనర్స్ క్లబ్ లేదా జేసీబీ అనే విదేశీ కార్డు నెట్‌వర్కుల గుర్తు ఉందో లేదో చూసుకోండి. అమెరికాలో రూపే నడిచేది డిస్కవర్ పట్టాల మీద. ఆ డిస్కవర్‌ను 2025 మేలో క్యాపిటల్ వన్ బ్యాంకు కొనేసింది. అంటే సరిహద్దు దాటగానే మళ్లీ అమెరికా కంపెనీ మీద, అమెరికా చట్టం కిందే. అమెరికా యూనివర్సిటీకి దరఖాస్తు ఫీజు కట్టే విద్యార్థులు చెల్లింపు పేజీలో డిస్కవర్ గుర్తు ఉంటేనే దీన్ని నమ్ముకోవాలి. డబ్బు కూడా ఆదా కాదు. బ్యాంకు విదేశీ మారకపు రుసుము 3.5 శాతం అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీతో రూ. 10,000 ఖర్చుకు రూ. 413 పడుతుంది, కార్డు మీద ఏ పేరున్నా. అంతర్జాతీయ లావాదేవీలు కొత్త కార్డులో మూసే ఉంటాయి, బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో తెరవాలి.

నేపాల్, భూటాన్, మారిషస్, యూఏఈలలో పరిస్థితి మెరుగు. యూఏఈ తన సొంత జైవాన్ కార్డును రూపే సాంకేతికత మీదే కట్టుకుంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు (ప్రవాస భారతీయులు ఇక్కడి బ్యాంకుల్లో తెరిచే ఖాతాలు) అక్కడి నంబరుతోనే యూపీఐ పెట్టుకోవచ్చు, బ్యాంకు ఆ సదుపాయం ఇస్తుంటే. 2023 జనవరిలో అమెరికా, యూఏఈ, సౌదీ, ఖతర్, ఒమన్ సహా పది దేశాల నంబర్లకు అనుమతి వచ్చింది.

కాబట్టి రోజువారీ ఖర్చుకు రూపే క్రెడిట్ కార్డు తీసుకోండి, యూపీఐకి కలపండి. విదేశీ సైట్లలో కొనేవాళ్లు, ప్రయాణాలు చేసేవాళ్లు వేరే నెట్‌వర్క్ కార్డు ఒకటి రెండోదిగా ఉంచుకోండి. డబ్బు కోత పడి చెల్లింపు పూర్తికాని రోజున దేశం లోపలి కొనుగోలుకూ బయటి కొనుగోలుకూ తేడా బాగా కనిపిస్తుంది. దేశం లోపల దుకాణంలో కార్డు లావాదేవీ గానీ యూపీఐ చెల్లింపు గానీ విఫలమై ఖాతాలో డబ్బు కోత పడితే, లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకు రూ. 100 పరిహారం. ఇది 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన. బ్యాంకు 30 రోజుల్లో సరైన జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. అమ్మేవాడు దేశం బయట ఉంటే ఈ అయిదు రోజుల నిబంధన వర్తించదు, ఆ నెట్‌వర్క్ సొంత చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రప్పించుకునే) నిబంధనలే దిక్కు. అందుకే అలాంటి కొనుగోళ్ల రసీదులు, ఈమెయిళ్లు, ఆర్డరు పేజీ స్క్రీన్‌షాట్లు స్టేట్‌మెంట్ వచ్చి లెక్క సరిపోయేదాకా దాచిపెట్టండి.