పదమూడేళ్లుగా ఒకే ప్రెస్సులో పుస్తకాలు వేయిస్తున్నా: కొత్త సర్వీసుల్లో ఏవి పనికొచ్చాయి, ఏవి తలనొప్పి తెచ్చాయి

విజయవాడలో నేను పుస్తకాలు వేయించే ప్రెస్సు పేరు ఇక్కడ రాయను. కింద తిట్లు కూడా ఉన్నాయి, పైగా మళ్లీ వాళ్ల గుమ్మమే ఎక్కాలి. 2012 నుంచి నావీ, స్నేహితులవీ కలిపి 19 పుస్తకాలు అక్కడే అచ్చయ్యాయి. కథలు, కవిత్వం, రెండు వ్యాస సంపుటాలు. వాళ్లకి నేను పెద్ద గిరాకీని కాదు, గైడ్లు వేయించేవాళ్ల ముందు నాది చిల్లర లెక్కే. అయినా ఇన్నేళ్ల నుంచి చూస్తున్నాను కాబట్టి రాస్తున్నా.

మొదట్లో ఆ ప్రెస్సంటే ఒక రేకుల షెడ్డు, ఒక ఆఫ్‌సెట్ మెషీను (ప్లేట్లు చేసి అచ్చువేసేది), ఓ పక్కన నేలమీద కూర్చుని ఫారాలు (అచ్చయిన పెద్ద షీట్లు) మడిచే నలుగురు ఆడవాళ్లు. అంతే. డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు పెట్టడం) మనమే బయట చేయించుకుని, ట్రేసింగ్ పేపర్ల మీద ప్రింట్ తీయించి, వాన పడితే చొక్కాలో దాచుకుని తీసుకెళ్లాలి. ఇప్పుడు ట్రేసింగ్ గొడవ లేదు, పీడీఎఫ్ మెయిల్ చేస్తే కంప్యూటర్ నుంచే ప్లేటు తీస్తున్నారు. 2019లో ప్లేట్లు లేకుండా ఫైలు నుంచి నేరుగా అచ్చువేసే డిజిటల్ మెషీను వచ్చింది, తర్వాత సొంత డీటీపీ సెక్షను, కొత్త బైండింగ్ మెషీను, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ప్యాకేజీ, చివరికి మన పుస్తకాలు వాళ్ల గోడౌన్లోనే ఉంచి ఆర్డర్ వచ్చినప్పుడు వాళ్లే పోస్టు చేసే ఏర్పాటు. బోర్డు మీద చదువుతుంటే బాగానే ఉంటుంది.

వీటన్నిట్లో నా బతుకు మార్చింది డిజిటల్ ప్రింటింగ్. తెలుగులో సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్లందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది: వెయ్యి వేయించడం, మూడొందలు అమ్మడం, వంద పంచడం, మిగతావి మంచం కిందికి తొయ్యడం. నా మొదటి పుస్తకం అట్టపెట్టెలు అటక మీద నాలుగేళ్లు ఉన్నాయి, ఐదో ఏడు దించితే చెదలు నాకంటే ముందే చదివేశాయి. ఇప్పుడు 50 కాపీలకి కూడా వేస్తున్నారు. పోయినసారి 208 పేజీల డెమ్మీ వన్ బై ఎయిట్ సైజు పుస్తకానికి నాకిచ్చిన రేటు చెప్తాను: ఆఫ్‌సెట్ 500 కాపీలైతే ఒక్కోటి 74 రూపాయలు, డిజిటల్ 100 కాపీలైతే 118. కాపీ మీద 44 ఎక్కువే. కానీ ఒకేసారి జేబులోంచి పోయేది 37,000 కాదు, 11,800. అవి అమ్ముడయ్యాక ఇంకో వంద. జనవరిలో విజయవాడ పుస్తకాల పండగ ముందు వంద వేయించి, మధ్యలో అయిపోతే ఇంకో యాభై తెప్పించుకున్న రోజు ఉంది, అది పాత పద్ధతిలో కలలో కూడా జరగదు.

ఫారం లెక్క కూడా తప్పింది. ఆఫ్‌సెట్లో 16 పేజీలు ఒక ఫారం, 208 అంటే సరిగ్గా 13 ఫారాలు. ముందుమాట రాసే పెద్దాయన ఉత్సాహంగా ఇంకో రెండు పేజీలు పంపిస్తే గుండె గుభేల్మనేది, వాటికోసం అర ఫారమైనా అదనంగా వేయాలి, లేకపోతే ఎవరి కవితో ఒకటి తీసెయ్యాలి. డిజిటల్లో ఆ బాధ లేదు, ముందుమాటలు ఎంత పొడుగైనా రాసుకోవచ్చు (ఇది మంచిదో కాదో పాఠకులే చెప్పాలి).

అయితే డిజిటల్ కాపీనీ ఆఫ్‌సెట్ కాపీనీ పక్కపక్కన పెట్టి చూడండి. లైటు కింద వంచితే డిజిటల్ అక్షరం మీద సన్నటి మెరుపు కనిపిస్తుంది, టోనర్ (పొడి సిరా) కదా. అక్షరాల వరకు ఫర్వాలేదు, పాత నలుపు తెలుపు ఫొటోలుంటే మాత్రం ముఖాలు మసి పూసినట్టు వస్తున్నాయి. ఫొటోలున్న పుస్తకాన్ని నేను ఇప్పటికీ ఆఫ్‌సెట్‌కే ఇస్తాను.

ఇంకో దెబ్బ స్పైన్ (పుస్తకం వెన్ను) దగ్గర తగిలింది. ఒక పుస్తకం మొదటి ముద్రణ 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్లిథో పేపరు మీద ఆఫ్‌సెట్లో వేశాం, రెండోది డిజిటల్. అట్ట ఫైలు పాతదే వాడారు. డిజిటల్‌కి వాళ్లు వాడేది 80 జీఎస్ఎం పేపరు, కాస్త ఉబ్బుగా ఉంటుంది, పుస్తకం రెండు మిల్లీమీటర్లు లావైంది. అట్ట మీద స్పైన్‌కి వేసిన ఎర్ర పట్టీ వెన్నుకి చాల్లేదు, ముందు అట్టలోని పసుపు వెన్ను మీదికి జరిగి కూర్చుంది. షెల్ఫులో పెడితే పుస్తకానికి కామెర్లు వచ్చినట్టుంది. ఫోన్ చేస్తే, "సార్, కొంచెం జరిగింది, ఎవరూ చూడరులెండి" అన్నారు. నేను చూశాను కదయ్యా! 25 కాపీలు ఉచితంగా వేసిస్తామన్నారు, ఇచ్చారు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి.

డీటీపీ సెక్షను గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. 2014లో అను ఫాంట్లలో (ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్ పద్ధతికి చెందని పాత తెలుగు ఫాంట్లు) చేయించిన ఒక కథల పుస్తకాన్ని 2021లో మళ్లీ వేద్దామనుకున్నాం. "ఫైల్ ఇవ్వండి సార్, యూనికోడ్‌లోకి మార్చేస్తాం, ఒక్క పూట పని" అన్నారు. ఒక్క పూటలోనే మార్చారు, నిజమే. ప్రూఫు తెరిస్తే మొదటి పేజీలోనే "హైదరాబాద్‌లో" బదులు "హైదరాబాద్లో" అని ఉంది, ద కింద ల ఒత్తు వేలాడుతూ. "బస్‌లో" కాస్తా "బస్లో" అయింది. పొల్లు తర్వాత వచ్చిన ప్రతి అక్షరం వెళ్లి దాని కింద ఒత్తుగా దూరిపోయింది. అనులో పొల్లక్షరం విడి ముక్కగా ఉంటుంది, యూనికోడ్‌లో మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు పెడితేగానీ విడిగా నిలబడదు, కన్వర్టరు ఆ గుర్తు పెట్టదు. ఇది వాళ్లకి తెలియని సంగతేం కాదు, చూసేవాళ్లు లేరంతే. నగరం కథలు కావడంతో పేజీకి నాలుగైదు ఇంగ్లిష్ మాటలున్నాయి, మూడు రాత్రులు కూర్చుని నేనే దిద్దుకున్నాను.

కొత్త పుస్తకాన్ని మొదటి నుంచీ యూనికోడ్‌లో టైప్ చేసి ఇస్తే మాత్రం వాళ్ల పని బాగుంటుంది. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్లో పేజీలు పెట్టే అమ్మాయి మనసు పెట్టి చేస్తుంది, పేరా చివర ఒకే ఒక్క అక్షరం తర్వాతి పేజీకి వెళ్తే తనే సర్దేస్తుంది. పాత అను ఫైలుంటే మాత్రం బయట దిద్దించుకుని తీసుకెళ్లండి.

బైండింగ్ మెరుగైంది. పాత జిగురు బైండింగ్ పుస్తకాన్ని మే నెలలో కారు వెనక సీట్లో వదిలేస్తే సాయంత్రానికి పేజీలు చేతిలోకి ఊడొచ్చేవి. ఇప్పుడు కాపీకి నాలుగు రూపాయలు ఎక్కువిస్తే పీయూఆర్ అనే, వేడికి ఊడని జిగురుతో వేస్తున్నారు, రెండు ఎండాకాలాలు గడిచాయి, ఒక్క కంప్లైంటు లేదు. నాలుగు వందల పేజీలు దాటితే ఇప్పటికీ కుట్టు బైండింగే అడుగుతాను, అది మొండితనం అనుకోండి.

ఐఎస్‌బీఎన్ ప్యాకేజీ తీసుకోకండి. మన దేశంలో ఆ నంబరు ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ సైట్లో రచయిత సొంతంగా కూడా అప్లై చేసుకోవచ్చు. దానికి నా దగ్గర 2,500 తీసుకున్నారు. తెలియక ఒకసారి ఇచ్చాను.

పోస్టు సర్వీసు కూడా వాడుతున్నా. 2024 డిసెంబరులో తపాలా శాఖ, పుస్తకాలు చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ తీసేశాక పార్సిల్ ఖర్చు చూసి పుస్తకాలు పంపడమే మానేశాను. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం వాళ్లదే జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100, పన్ను అదనం. ప్రెస్సువాళ్లు ప్యాకింగ్‌తో కలిపి చేసిపెడుతున్నారు, లెక్క నెలనెలా వస్తుంది. ఇక్కడ కూడా ఆ 80 జీఎస్ఎం పేపరే అడ్డు. అదే 208 పేజీల పుస్తకం 70లో అయితే కవరుతో సహా 300 లోపల ఉంటుంది, 80లో దాటిపోయి తర్వాతి రేటు పడుతుంది. డిజిటల్‌కి కూడా 70 పేపరు తెప్పించమని రెండుసార్లు అడిగాను, చూస్తామన్నారు.

ఇక నా అసలు కోపం. పాత షెడ్డులో మెషీన్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు, కానీ మొదటి షీటు బయటికి రాగానే వెలుతురుకి పెట్టి చూసి, "మాస్టారూ, 47 తర్వాత 49 వస్తోంది, ఒకసారి వచ్చిపోండి" అని ఫోన్ చేసేవాడు. ఆయన మానేశాక ఆ పని ఎవరికీ అప్పగించలేదు. ఇప్పుడు నా ప్రతి పుస్తకానికీ ఒక వాట్సాప్ గ్రూపు పెడతారు, అందులో ఆరుగురుంటారు, ఏది రాసినా ఒకరు "నోటెడ్ సర్" అంటారు, ఆ నోట్ చేసిందేమిటో పుస్తకం వచ్చాక తెలుస్తుంది. మెషీన్లు పెరిగాయి, అచ్చయిన కాగితం వంక చూసే మనిషి తగ్గాడు.

అందుకే ఇప్పుడు అడ్వాన్సు సగమే ఇస్తున్నా, బైండింగ్ చేసిన డమ్మీ (నమూనా కాపీ) ఒకటి నా చేతికొచ్చి, పేజీ నంబర్లు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాకే మిగతా కాపీలు వేయమంటున్నా. డమ్మీకి 300 అడుగుతారు, ఇచ్చేయండి. ఇరవయ్యో పుస్తకం డమ్మీ నిన్ననే వచ్చింది. స్పైన్ సరిపోయింది, లోపల 112వ పేజీ రెండుసార్లుంది. గ్రూపులో పెట్టాను, "నోటెడ్ సర్" అన్నారు, సోమవారం నేనే వెళ్తున్నా.