క్వార్ట్జ్‌సైట్ ఎడారిలో తొలి శీతాకాలం: రుసుము చోటా, ఉచిత చోటా?

ఆరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్ దగ్గర ప్రభుత్వ భూమిలో ఆర్వీ (లోపలే వండుకుని, పడుకునే ఇల్లులాంటి బండి) నిలుపుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి లా పోసా: రుసుము కట్టి పర్మిట్ తీసుకుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండవచ్చు. రెండోది డోమ్ రాక్ వంటి ఉచిత స్థలాలు. అక్కడ 28 రోజుల్లో 14 రోజులకు మించి ఉండనివ్వరు.

బండికి తగిలించుకునే కరెంటు, నీటి గొట్టం రెండు చోట్లా ఉండవు. అసలు తేడా నీటి దగ్గరే. లా పోసాలో మంచినీళ్లు పట్టుకోవచ్చు, మురుగు ట్యాంకు ఖాళీ చేయవచ్చు, చెత్త వేయవచ్చు. డోమ్ రాక్‌లో ఇవేవీ లేవు. కొత్తవాళ్లు మంచినీళ్లు ఎప్పుడు అయిపోతాయోనని కంగారుపడతారు. చాలాసార్లు అంతకుముందే గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకు నిండిపోతుంది. పోపులు, వేపుళ్లు ఉండే మన వంటకైతే మరీ త్వరగా! జిడ్డు మూకుడును ముందు కాగితంతో తుడిచేస్తే, చెంబెడు నీళ్లతోనే శుభ్రమవుతుంది.

చలి మాత్రం రెండు చోట్లా ఒకటే. హీటర్ గ్యాసుతో మండినా దాని ఫ్యాను బ్యాటరీతోనే తిరుగుతుంది. తెల్లవారుజామున బ్యాటరీ అడుగంటితే హీటరూ ఆగిపోతుంది.

ఏకాంతం కావాలంటే డోమ్ రాక్ మంచిదే. కానీ మొదటిసారి లా పోసాకే వెళ్లండని గట్టిగా చెబుతాను. రెండు వారాల పర్మిట్ కూడా ఇస్తారు. మీ ఇంటిల్లిపాదికీ రోజుకు ఎన్ని నీళ్లు ఖర్చవుతాయో తేలాక ఉచిత చోటికి మారవచ్చు. ఎక్కడైనా సరే, ఎండిన వాగులో మాత్రం బండి నిలపకండి. ఎక్కడో వాన కురిసినా అందులోకి ఉన్నట్టుండి వరద వస్తుంది.