మా న్యారోబోటులో (కాలువల్లో నడిచే సన్నటి పొడవాటి బోటు) అందరికీ నేను ముందు చూపించేది ఆ ఇనుప మూతే

బ్రిటన్‌లోని లాంగోలెన్ కాలువ మీద బోటు ప్రయాణం గురించి ఎవరు చెప్పినా పోంట్‌కసిల్టె వంతెన దగ్గరే మొదలుపెడతారు. 1805లో పూర్తయిన వంతెన, 38 మీటర్ల ఎత్తున ఇనుప తొట్టిలో నీళ్లు, ఆ నీళ్ల మీద మనం. ఎన్నిసార్లు దాటినా ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ నాలుగు కుటుంబాలం కలిసి కొన్న పాత బోటును ఇన్నేళ్లు నడిపాక నాకు ప్రాణంగా అనిపించేది వేరే. బోటు వెనక, నడిపేవాళ్లు నిలబడే పలక కింద ఒక ఇనుప మూత ఉంటుంది. వీడ్ హ్యాచ్ అంటారు. అది తీస్తే చెయ్యి నేరుగా ప్రొపెల్లర్ మీదికి వెళ్తుంది, దానికి చుట్టుకున్న చెత్త తీసెయ్యొచ్చు.

ఒకసారి వేసవిలో మామయ్యగారు, అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎల్స్‌మియర్‌లో పొద్దున్నే బయలుదేరాం. గంటకు 4 మైళ్లు దాటకూడదని రూలు. మేం 3 కూడా దాటలేదు. న్యూ మార్టన్ లాకులు రెండూ ఎక్కాం. చర్క్ ఇంకాస్త దూరం ఉందనగా ఇంజను గొంతు మారింది. చేతిలో టిల్లర్ (బోటును తిప్పే పిడి) వణుకుతోంది, గొట్టంలోంచి నల్లటి పొగ. గేరులోనే ఉన్నా బోటు ముందుకు కదలదు.

మామూలు కాలువైతే అక్కడే నిలబడి ఉండేవాళ్లం. ఇది డీ నది నీటిని హర్ల్‌స్టన్ రిజర్వాయరుకు తాగునీటి కోసం మోసుకెళ్లే కాలువ, ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. మేమేమో ఎదురు వెళ్తున్నాం. చూస్తుండగానే బోటు వెనక్కి జారింది, ముక్కు అడ్డం తిరగబోయింది. గెడతో నెట్టి గట్టుకు చేర్చాను. మా ఆవిడ తాడు పట్టుకుని దిగింది. మేకులు దిగ్గొట్టి కట్టేశాం.

మామయ్యగారు కోనసీమలో నీళ్ల ఇంజన్ల మధ్య బతికిన మనిషి. "అల్లుడుగారూ, ముందు ఇంజను ఆపి తాళంచెవి మీ జేబులో వేసుకోండి. చెయ్యి పెట్టడం ఆ తర్వాత," అన్నారు.

మర తిప్పి, అడ్డపట్టీ తీసి, బరువైన రేకు ఎత్తాను. కింద నల్లటి నీళ్లు. భుజం దాకా చెయ్యి దించితే వేళ్లకు నైలాన్ తాడు తగిలింది, దానితో పాటే ఏదో బస్తా. పళ్లున్న బ్రెడ్ కత్తితో కోస్తూ, వచ్చిన ముక్కనల్లా బకెట్లో వేస్తూ పోయాను. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను అంటుకున్న ఆఖరి చుట్లు రాపిడికి కరిగి గట్టి ముద్దయిపోయాయి. మామయ్యగారు టార్చి వంచి పట్టుకుని "ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అంటూనే ఉన్నారు. గంట పైనే పట్టింది.

అయినా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. కాలువలో దిగలేదు, బోటును పైకి లేపించలేదు. మూత కింద ఉండే పెట్టె అంచు బయటి నీటిమట్టం కన్నా పైన ఉండేలా కడతారు, అందుకే మూత తీసినా నీళ్లు లోపలికి రావు. ఈ ఏర్పాటు ఆలోచించినవాళ్లెవరో గానీ వాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

అసలు జాగ్రత్త మూత మళ్లీ బిగించేటప్పుడు ఉండాలి. వదులుగా వదిలేసి ఇంజను వేస్తే ప్రొపెల్లర్ నీళ్లను లోపలికి ఎగజిమ్ముతుంది. అలా మునిగిన బోట్లున్నాయి. మా మూత కింది రబ్బరు గట్టిపడి చెమ్మ రావడం మొదలైతే మార్పించాం. చలికాలంలో అయితే రెండు నిమిషాలకే వేళ్లు మొద్దుబారతాయి, పొడుగు గ్లవుజులున్నా పెద్దగా లాభం లేదు. నడుంనొప్పి ఉన్నవాళ్లు వంగి చేసే పని కాదు.

మేం కాలువకు గంటన్నర దూరంలో ఉంటాం, ఖర్చు నలుగురం పంచుకుంటాం కాబట్టి మాకు సొంత బోటు గిట్టుబాటైంది. ఒక్కరోజుకు అద్దె బోటు తీసుకునేవాళ్లు ఈ మూత జోలికి పోకుండా, ఇచ్చినవాళ్లకే ఫోన్ చెయ్యడం మేలు. పెద్దవాళ్లతో వస్తే లోపలి మెట్లు నిటారుగా ఉంటాయని గుర్తుంచుకోండి. మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు రోజంతా ముందు భాగంలోనే కూర్చున్నారు, కానీ ఆవిడకు అదే నచ్చింది.

సొంతానికి కొనేవాళ్లు మాత్రం వంటగదీ పరుపులూ చూసేముందు వెనక పలక ఎత్తించండి. మూత మీరే విప్పి, చెయ్యి ప్రొపెల్లర్‌కు అందుతుందో లేదో చూసుకోండి. నాకు అందుతుంది. మా భాగస్వాముల్లో ఒకాయనకు అందదు. ఆయన బోటు తీసే రోజుల్లో నేనో, ఇంకొకరమో వెంట వెళ్తున్నాం.