కరెంటు పోయి వస్తే మళ్ళీ బటన్ నొక్కాలి: బైక్ బ్యాటరీ ఛార్జర్‌తో మూడేళ్లు

నేను కువైట్‌లో పనిచేస్తాను. ఏటా మే నెలలో గంగమ్మ జాతరకు తిరుపతి వచ్చి నలభై రోజులుంటాను. మిగతా పదిన్నర నెలలూ నా 350 సీసీ కార్బురేటర్ బండి బైరాగిపట్టెడలో మా ఇంటి మెట్ల కింద ఉంటుంది. దాని కోసమే 2022లో ఈ ఆటోమేటిక్ ఛార్జర్ కొన్నాను. వైర్లు బ్యాటరీకి బిగించి, ప్లగ్ పెట్టి వదిలేస్తే నెలల తరబడి బ్యాటరీని నిండుగా ఉంచే రకం.

మొదటి ఏడాది దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. 2023 మేలో ఇంటికొచ్చి, ట్యాపు తిప్పి, పెట్రోల్ దిగేదాకా ఆగి, చోక్ లాగి సెల్ఫ్ కొడితే రెండోసారికే బండి అందుకుంది. అంతకు ముందు ఏటా దిగిన మర్నాడే బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోయేవాణ్ణి. మల్టీమీటర్ పెట్టి చూశాను. ఛార్జింగ్‌లో 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండగానే 13.5 దగ్గరికి దిగి అక్కడే నిలబడుతోంది. బ్యాటరీ ఉడికిపోదు, దిగిపోదు. ఆ సంతోషంలో మా రూమ్‌లోని కడప, రాయచోటి అబ్బాయిల చేత కూడా ఇదే కొనిపించాను. అప్పుడు చెప్పిన మాటల్లో కొన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది కదా. ఆ వానలకు మా వీధిలో కరెంటు పోయింది, తర్వాత వచ్చింది. కానీ ఈ ఛార్జర్‌కు కరెంటు ఒక్క నిమిషం పోయి వచ్చినా చాలు, తనంతట తాను మళ్ళీ మొదలుపెట్టదు. ఎర్ర లైటు ఒక్కటి వెలిగించుకుని, ఎవరైనా మోడ్ బటన్ నొక్కేదాకా అలాగే కూర్చుంటుంది. ఈ సంగతి అప్పటికి నాకు తెలియదు.

ప్రతి శుక్రవారం వీడియో కాల్‌లో ఛార్జర్ గురించి అడిగేవాణ్ణి. "వెలగతానే ఉండాదిరా నాయనా, నువ్వేం దిగులు పడొద్దు" అనేది అమ్మ. ఆమె చెప్పింది నిజమే. లైటు వెలుగుతూనే ఉంది. అది ఏ లైటో నేను అడగలేదు.

2024 మేలో తాళం తిప్పితే న్యూట్రల్ లైటు కూడా రాలేదు. బ్యాటరీలో 4.3 వోల్టులు. నిండిన బ్యాటరీలో 12.6కి తగ్గకుండా ఉండాలి. మా ఊరి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, ఆ వేడికి ఊరికే ఉన్న బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. పైగా పనిచేయకుండా తగిలించి ఉన్న ఛార్జర్ కూడా బ్యాటరీలోంచి కొంచెం కొంచెం లాగుతుంది. అంత కిందికి దిగాక బటన్ నొక్కినా ఛార్జర్ దాన్ని బ్యాటరీగానే గుర్తించలేదు. ప్లేట్లకు సల్ఫేట్ పట్టేసింది, ఇక లేవదన్నాడు మెకానిక్. నా బండికి ఇగ్నిషన్ కూడా బ్యాటరీ మీదే కాబట్టి కిక్ కొట్టినా లాభం లేదు. కొత్త బ్యాటరీ తెచ్చి, ఛార్జింగ్ పెట్టి, బిగించేసరికి నాలుగు రోజులు. రెండు వేలకు పైగా పోయింది, అది సర్దుకోవచ్చు. నలభై రోజుల సెలవులో నాలుగు రోజులు పోతే ఎవరిస్తారు? జాతరకు తాతయ్యగుంటకు ఆటోలో పోయాను. భాకరాపేట ఘాట్ మీదుగా తలకోన పోదామని పది నెలలుగా అనుకున్నది ఆ ఏడాది కుదరనే లేదు.

బటన్ మళ్ళీ నొక్కాలన్న మాట ఛార్జర్‌తో వచ్చిన కాగితంలో ఉంది, రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో. నెలల తరబడి వదిలేయడానికే అమ్మే వస్తువుకు ఇది మొదటి పేజీలో ఉండాల్సిన మాట. కరెంటు రాగానే తనంతట తాను మొదలయ్యే ఛార్జర్లూ దొరుకుతున్నాయి. కొనేటప్పుడు షాపులోనే బ్యాటరీకి తగిలించి, ఛార్జ్ అవుతుండగా స్విచ్ ఆపి, మళ్ళీ వేసి చూడండి.

ఇంకో మాట. 2023లో బండి అంత సులువుగా అందుకున్న గొప్పంతా ఛార్జర్‌కే ఇచ్చాను. అది సరికాదు. ఊరెళ్లేముందు ట్యాపు కట్టి, కార్బురేటర్ కింది స్క్రూ విప్పి, పెట్రోల్ నిలిచే బౌల్ ఖాళీ చేయడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి బౌల్‌లో ఉన్న పెట్రోల్ జిగురులా మారి పైలట్ జెట్ అనే సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. బ్యాటరీ చచ్చిన ఏడాది కూడా, కొత్తది బిగించగానే ఇంజిన్ ఒక్క దెబ్బకు అందుకుంది.

ఛార్జర్ పారేయలేదు. పచ్చ లైటు పక్కన అమ్మ బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను. బొట్టు పక్కన వెలగకపోతే బటన్ నొక్కాలి, అంతే. పోయిన ఏడాది ఏడుసార్లు నొక్కానని లెక్క చెప్పింది. 2025 మేలో బ్యాటరీ 12.7 ఉంది, తలకోన కూడా పోయొచ్చాను.

కాబట్టి ఇంట్లో రోజూ చూసే మనిషి ఉంటే ఇది పనికొస్తుంది, నాకు పనికొస్తోంది. తాళం వేసిన ఇంటికైతే మాత్రం నేను కొనమని చెప్పను. ఈ జనవరిలో అమ్మ, మా అక్క కాన్పుకు చిత్తూరు పోయి నెలరోజులు ఉంటుంది. ఆ నెలకు బ్యాటరీ విప్పించి, ఛార్జర్‌తో సహా పక్కింటి అన్న దగ్గర పెట్టిస్తున్నాను, బొట్టుబిళ్ళ సంగతి కూడా చెప్పి.