అల్యూమినియం స్కూప్ స్ట్రెచర్: ఎత్తడానికి అక్కరకొచ్చేది, పడుకోబెట్టడానికి కాదు

అంబులెన్సు కొనేవారు చక్రాల ట్రాలీని చూసినంత శ్రద్ధగా స్కూప్ స్ట్రెచర్‌ను చూడరు. నిలువునా రెండుగా విడిపోయే ఈ అల్యూమినియం పరికరాన్ని మా బండిలో కొన్ని నెలలుగా వాడుతున్నాము.

దీని పనితనమంతా తల వైపు, కాళ్ల వైపు రెండు భాగాలనూ కలిపి పట్టుకునే లాచ్‌లలోనే (గడియల్లోనే) ఉంది. క్షతగాత్రుడి పక్కన దీన్ని ఉంచి, అతని పొడవుకు సరిచేసుకొని, రెండుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని చెరోవైపు నుంచి శరీరం కిందికి మెల్లగా జరిపి, లాచ్‌లు బిగిస్తే ఎత్తడానికి సిద్ధమవుతుంది. స్పైన్ బోర్డు (వెన్ను కదలకుండా పడుకోబెట్టే గట్టి పలక) మీదికి చేర్చాలంటే మనిషిని పూర్తిగా పక్కకు ఒత్తిగిలించాలి. స్కూప్‌కైతే కొద్దిపాటి వాలు చాలు. కటి ఎముక విరిగినవారి విషయంలో ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే అటూ ఇటూ దొర్లిస్తే గడ్డకట్టిన రక్తం కదిలి, లోపల మళ్లీ రక్తస్రావం మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. ట్రాలీ మీదికి చేర్చాక లాచ్‌లు విప్పి రెండు భాగాలనూ లాగేస్తే, రోగిని మళ్లీ ఎత్తవలసిన అవసరమే రాదు.

అలా లాగేయడం మరిచిపోకూడదు. గట్టి లోహం మీద ఎక్కువసేపు పడుకోబెడితే వీపు, పిరుదులు, మడమలు ఒరుసుకుపోతాయి. ఎక్స్‌రేలో ఫ్రేము నీడ కూడా పడుతుంది. మే నెల ఎండలో కాసేపు రోడ్డు మీద ఉంచితే చేయి పెట్టలేనంతగా కాలుతుంది కనుక పైన దుప్పటి పరచడం మంచిది. భాగాలను దగ్గరికి చేర్చేటప్పుడు చీర కుచ్చెళ్లు, జడ మధ్యలో ఇరుక్కుంటాయి, అందుకని ఒకరు అదే పనిగా చూస్తుండాలి. పొలాల్లో పనిచేస్తే లాచ్‌లో మట్టి చేరుతుంది. టక్కుమన్న చప్పుడును నమ్మకుండా, ఎత్తే ముందు రెండు భాగాలనూ గట్టిగా లాగి చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్ మెట్ల మలుపుల్లో మాత్రం ఈ పొడవు తిరగదు, చిన్న లిఫ్టులో పట్టదు. కూర్చోగలిగిన రోగికి అక్కడ మెట్ల కుర్చీయే నయం.

మేము కొన్నదాని మీద 159 కిలోల పరిమితి ముద్రించి ఉంది, ఫ్రేము ఆ మాటకు తగ్గట్టే దిట్టంగా ఉంది. దానితో ఇచ్చిన బెల్టులు మాత్రం నాసిరకం. బకిళ్లు త్వరగానే వదులయ్యాయి. కొనేవారు మంచి బెల్టుల ఖర్చును కూడా ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.