నీలం రంగు చూసి పాత ట్రాక్టర్ తొట్టి కొన్నాను, మీరు జాగ్రత్త

సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ తొట్టి కోసం తిరుగుతున్నవాళ్లకి ఈ మాట. ఏళ్ల తరబడి ఒకేచోట నిలబెట్టేసిన తొట్టిని, జాకీ పెట్టి చక్రం లేపి చూడకుండా ఇంటికి లాక్కురాకండి. నేను లాక్కొచ్చాను. కోటబొమ్మాళి దగ్గర హైవే మీద చక్రం ఊడినంత పనయింది.

మాది ఆమదాలవలస వైపు. ధాన్యం తోలడానికి రెండు చక్రాల తొట్టి కావాలని వెతుకుతుంటే నౌపడ ఉప్పుమడుల వైపు ఒక షెడ్డులో ఉందని తెలిసింది. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పక్కన పెట్టేశారట, మళ్లీ కదల్లేదు. బేరమాడితే 62 వేలకి దిగారు. కొత్తగా నీలం రంగు వేసి ఉంది, టైర్లు అరగనే లేదు. మా బావ మాత్రం చెవిలో అన్నాడు: "ఉప్పు మోసిన తొట్టికి ఇప్పుడు రంగెందుకేసినాడో, కాస్త గీకి చూడు బావా." అమ్మే పెద్దాయన ఎదురుగా గీకితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. ఆ మొహమాటానికి ఎంతయిందో కింద రాశాను.

టెక్కలి దాటి హైవే ఎక్కేదాకా బాగానే వచ్చింది. ఖాళీ తొట్టే కదా అని డ్రైవరు కాస్త స్పీడు పెంచాడు. కాసేపటికి వెనక రంపం కోస్తున్నట్టు చప్పుడు, ఆ తర్వాత మాడిన గ్రీజు కంపు. దిగి చూస్తే ఎడమ చక్రం హబ్బులోంచి, అంటే ఇరుసు మీద తిరిగే నడిమి భాగంలోంచి, పొగ వస్తోంది. సీసాలో నీళ్లు పోస్తే చుయ్యిమంది.

నరసన్నపేట నుంచి మెకానిక్‌ని పిలిపించి విప్పిస్తే లోపల గ్రీజు లేదు, తుప్పు కలిసిన బురద ఉంది. ఆయన చెప్పింది ఇదీ: సీలు ఎండిపోయి లోపలికి నీరు చేరింది. బండి కదలదు కాబట్టి బేరింగు రోలర్లు ఏళ్లకేళ్లు ఒకే చోట ఆని ఉంటాయి, ఆ ఆనిన చోటే తుప్పు తినేసి గుంటలు పడతాయి. చక్రం తిరగగానే ఆ గుంటలు రాపిడి పెడతాయి, వేడెక్కి బేరింగు ఇరుసుకే అతుక్కుపోతుంది. "ఇంకొంచెం దూరం లాగుంటే మీ చక్రం మీకంటే ముందు ఇంటికెళ్లిపోయేది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వెనకాల లారీలు హారన్లు కొడుతుంటే చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. తొట్టికి వెనక ఒక్క లైటు లేదు, రిఫ్లెక్టర్ కూడా లేదు.

చూడటం పెద్ద పనేం కాదు. చక్రం లేపి చేత్తో తిప్పితే గరగరమనకూడదు. పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడలాడకూడదు. ఎలా ఉన్నా సరే, బయల్దేరే ముందు హబ్బు విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి. ఐదారు కిలోమీటర్లకి ఆగి హబ్బు మీద చెయ్యి పెట్టండి, చురుక్కుమంటే ఇక కదలొద్దు.

అరగని టైర్లు అని మురిశాను కదా, వాటి పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు 2212. అంటే 2012లో 22వ వారం తయారీ. ఎండకి పక్కలన్నీ బీటలు, పైన నల్ల పాలిష్.

ఇంటికొచ్చాక తొట్టి కిందకి దూరి సుత్తితో కొట్టి చూశాను. బరువు మోసే ఇనప ఛానళ్లలో ఒకటి ఖంగుమంది, రెండోది చప్పగా మోగింది. స్క్రూడ్రైవర్ పొడిస్తే లోపలికి దిగిపోయింది. ఉప్పు పని అది. రంగు కింద పొరలు పొరలుగా తుప్పే.

బేరింగులు, హబ్బు, ఇరుసు కొస, రెండు టైర్లు, వెల్డింగు అన్నీ కలిపి ఇంకో 41 వేలు అయ్యాయి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "నడుస్తుంటే అదే సర్దుకుంటుంది బాబూ" అన్నారు.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. ట్రాక్టర్ ఆర్‌సీ చూపించి సరిపెడతారు, తొట్టికి ఆర్‌సీ వేరుగా ఉంటుంది. దాని మీది ఛాసిస్ నంబరు తొట్టి మీద ఉందో లేదో రంగు గీకైనా సరిచూసి, బండి పేరు మార్చుకునే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాకే డబ్బులివ్వండి.

ఆ షెడ్డులో ఇంకా రెండు తొట్టిలున్నాయి. మేం బయల్దేరేసరికి ఒకదానికి నీలం రంగు వేస్తూనే ఉన్నారు.