బల్బు మార్చగానే నీలమైన బూడిద గోడ

మంచం తల వైపు గోడకు లేత బూడిద రంగు, మిగతా మూడింటికీ మీగడ రంగు వేయించి నాలుగేళ్లు దాటింది. కంపెనీ ఒకటే, రెండూ మ్యాట్ (మెరుపులేని రంగు), రెండేసి కోట్లు. కాబట్టి తేడా అంతా రంగుదే.

కొత్తలో ఎవరొచ్చినా బూడిద గోడే చూపించేదాన్ని. మీగడ రంగును నేనే పట్టించుకోలేదు, ఇక వచ్చినవాళ్ల సంగతెందుకు!

ఒక రాత్రి బల్బు పోయింది. ఇంట్లో ఉన్న ఇంకో ఎల్‌ఈడీ పెట్టి స్విచ్ వేస్తే తల వైపు గోడ నీలంగా ఉంది. ఉతికిన పంచెకు నీలిమందు ఎక్కువైనట్టు. చెమ్మ ఎక్కిందేమోనని అరచేయి ఆనించి చూశాను, పొడిగానే ఉంది. సొరుగులోంచి పాత షేడ్ కార్డు, అదే రంగుల నమూనా ముక్కలుండే అట్ట, తీసి గోడకు ఆనిస్తే, దాని మీది ముక్క కూడా నీలమే! గోడ మారలేదు, దీపం మారిందన్నమాట. పాత బల్బు మీద 2700 కెల్విన్ అని ఉంది, కొత్తదాని మీద 6500. కెల్విన్ అంటే ఇక్కడ వెలుతురు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి నీలం వైపు వెళ్తుంది. ఆ బూడిదలో నీలం ఛాయ మొదటినుంచీ ఉంది, పసుపు వెలుతురు దాన్ని కప్పిపెట్టింది, అంతే. ఒకసారి కంటపడ్డాక ఇక పగలూ అదే కనిపిస్తోంది. మా కిటికీ ఉత్తరం వైపు, ఎండ నేరుగా రాదు, వచ్చేదంతా ఆకాశపు వెలుతురే.

అగ్గిపెట్టెంత ముక్క చూసి గోడంతా ఒప్పేసుకోవడం నా తప్పే. పెద్ద అట్టకు రెండు కోట్లు వేసి, ఆరాక అదే గోడకు ఆనించి పొద్దున ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూసుంటే తెలిసిపోయేది.

మీగడ గోడలు అదే బల్బు కింద కాస్త పాలిపోయాయి, అంతే. అలాగని వాటినీ నెత్తిన పెట్టుకోను. స్విచ్‌బోర్డు చుట్టూ వేళ్ల మరకలు పడితే, మిగిలిన డబ్బాలోని రంగే పూశాను. పక్కనుంచి వెలుతురు పడితే ఆ అతుకు పోస్టల్ స్టాంపులా కనబడుతుంది. బూడిద గోడ మీద మంచం ఒరుసుకున్న గీతలు మాత్రం దగ్గరికెళ్తేగానీ తెలియవు.

మళ్లీ వేయిస్తే నాలుగు గోడలూ మీగడే అంటాను. అయితే రాత్రుళ్లు చదివే అలవాటున్నదాన్ని, నాకు తెల్ల వెలుతురే హాయి. గదిలోకి ఎండ బాగా వచ్చి, పసుపు బల్బులే వాడేవాళ్లకు ఆ బూడిద నచ్చవచ్చు. ప్రస్తుతానికి పైన పసుపు బల్బు, చదవడానికి టేబుల్ ల్యాంపు. ల్యాంపు మెడ మాత్రం ఆ గోడ వైపు తిప్పను.